బోనగిరి గుట్ట ఎక్కుదాం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పక్క ఊళ్లలో ఆడవాళ్లు నాట్లకు పోతారు. కలుపులకు పోతారు. రోజుకు ఎన్ని గట్లు ఎక్కి దిగుతారో లెక్క లేదు. మొక్కు ఉంటే యాదగిరిగుట్ట కూడా ఎక్కుతారు. కానీ కళ్లారా చూసి రావాలని గుట్ట ఎక్కేవాళ్లు తక్కువ. "అది మగపిల్లల పని, మనకెందుకు?" అంటారు.

నిజంగా అది మగపిల్లల పనేనా? ఈ పాఠం చదివి మీరే చెప్పండి.

గుడ్డు లాంటి గుట్ట

భువనగిరి పాత నల్గొండ జిల్లాలోనిదే. 2016లో జిల్లాను మూడు చేశారు. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలో ఉంది. సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోకి పోయాయి. భువనగిరి యాదాద్రి భువనగిరి జిల్లా అయింది. మన వైపు భువనగిరిని బోనగిరి అని కూడా అంటారు.

ఊరి నడుమ పెద్ద గుట్ట ఉంది. దూరం నుంచి చూస్తే గుడ్డు లాగ నున్నగా కనబడుతుంది. రాళ్లు పేర్చినట్టు ఉండదు. గుట్ట అంతా ఒకే బండ. ఇటువంటి దాన్ని ఏకశిల అంటారు. ఎత్తు సుమారు 500 అడుగులు. అంటే దాదాపు 50 అంతస్తుల మేడ అంత. వైశాల్యం సుమారు 40 ఎకరాలు.

ఈ బండ ఎట్లా వచ్చింది? సుమారు 250 కోట్ల ఏళ్ల కింద, భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారి గట్టిపడింది. అదే గ్రానైటు రాయి. పైనున్న మట్టి, రాళ్లు కాలంతో కొట్టుకుపోయాయి. లోపలి బండ బయటపడింది. ఎండకు, వానకు బండ పైపొరలు ఉల్లిగడ్డ పొరల్లాగ ఊడుతూ వచ్చాయి. అందుకే గుట్ట అంత గుండ్రంగా ఉంది.

కోట ఎందుకు కట్టారు?

పశ్చిమ చాళుక్యుల రాజు ఆరో విక్రమాదిత్యుడు. ఆయన 1076 నుంచి 1126 దాకా ఏలాడు. ఆయనకు త్రిభువనమల్లుడు అని బిరుదు. ఆ పేరు మీదనే ఈ కోటకు త్రిభువనగిరి అనే పేరు వచ్చిందని చెబుతారు. అదే తర్వాత భువనగిరి అయింది.

నున్నటి బండ మీదికి శత్రువు ఎక్కలేడు. ఎక్కే దారులు తక్కువ. ఆ దారులకు గోడలు, దర్వాజాలు కట్టి కాపలా పెడితే చాలు. పైనుంచి చూస్తే ఎటు నుంచి ఎవరు వస్తున్నా తెలుస్తుంది.

మరి పైన ఉన్నవాళ్లకు నీళ్లు? బండ నీళ్లు తాగదు. పడిన వాన పడినట్టే జారిపోతుంది. అందుకే గుట్ట మీద గుండాలలో ఆ నీళ్లు ఆపారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 40 ఎకరాల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 16 లక్షల లీటర్ల నీళ్లు. బిందెకు 16 లీటర్లు అనుకుంటే లక్ష బిందెలు! అందులో కొంత ఆపినా ఎన్నో రోజులు గడుస్తుంది. మన ఇంటి కప్పు మీద పడే వానకూ ఇదే లెక్క.

ఏలిన ఆడది, ఎక్కిన ఆడపిల్ల

చాళుక్యుల తర్వాత ఈ ప్రాంతం కాకతీయుల చేతికి వచ్చింది. కాకతీయులలో రుద్రమదేవి రాజ్యం ఏలింది. యుద్ధాలు చేసింది. నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరు ఉంది. అక్కడ ఒక రాతి శాసనం దొరికింది. దాని మీద 1289 నాటి రాత ఉంది. రుద్రమదేవి చనిపోయిన సంగతి ఆ రాయి వల్లనే తెలిసింది. రాసి పెట్టారు కాబట్టి 700 ఏళ్లు దాటినా ఆ మాట నిలిచింది. సూర్యాపేట నుంచి హైదరాబాదు పోయే రోడ్డు నకిరేకల్ మీదుగానే పోతుంది.

ఇక మన కాలం సంగతి. మాలావత్ పూర్ణ నిజామాబాదు జిల్లా లంబాడ ఇంటి బిడ్డ. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. బండలు ఎక్కడం మొదట ఈ భువనగిరి గుట్ట మీదనే నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో మంచు కొండల మీద శిక్షణ పొందింది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. లోకంలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. అప్పుడు పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. పూర్ణ అంతటితో ఆగలేదు. 2022 నాటికి ఏడు ఖండాలలోని ఏడు ఎత్తైన శిఖరాలూ ఎక్కింది.

మనం ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. ఆమె మొదటి అడుగు వేసిన గుట్ట మన దగ్గరే ఉంది. దాన్ని ఎక్కవచ్చు.

ఎట్లా పోవాలి?

కోదాడ, సూర్యాపేట వాళ్లు హైదరాబాదు రోడ్డు మీద నకిరేకల్, నార్కట్‌పల్లి దాటి చిట్యాల చేరాలి. అక్కడి నుంచి భువనగిరికి రోడ్డు ఉంది. మిర్యాలగూడ వాళ్లకు రైలు దారి కూడా ఉంది. అది నల్గొండ, రామన్నపేట మీదుగా బీబీనగర్ పోతుంది. బీబీనగర్‌లో దిగి భువనగిరి పోవాలి. ఏ బండి ఎక్కడ ఆగుతుందో ముందే అడగాలి.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. బస్సు బోర్డు మీరే చదవండి. కోట దర్వాజా దగ్గర టికెట్ ధర, మూసే వేళ కూడా చదివి తెలుసుకోండి.

ఎట్లా ఎక్కాలి?

చలికాలం మంచిది. పొద్దున్నే మొదలు పెట్టాలి. వాన పడితే బండ జారుతుంది. ఆ రోజు ఎక్కవద్దు. నలుగురైదుగురు కలిసి పోవాలి. వెనుక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం రాకుండా ఎత్తి దోపుకోవాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తీసుకుపోవాలి. బస్టాండులోనే మరుగుదొడ్డికి పోయి రావాలి. మెట్ల దారి విడిచి బండ అంచుకు పోవద్దు.

సగం దారిలో ఒక అత్తా కోడలు ఇట్లా మాట్లాడుకున్నారనుకోండి.

"బిడ్డా, నాకు దమ్ము వస్తున్నది. మీరు పోండి. నేను ఈడనే కూసుంట."

"నిన్ను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి ఎట్ల పోతం అత్తమ్మా? దమ్ము తగ్గినంక అందరం పోదాం."

"నా వల్ల మీకు ఆలస్యం."

"మనల్ని ఎవరన్న తరుముతున్నరా? ఇంక పొద్దు చానా ఉన్నది."

"నలభై ఏండ్లు నాట్లు ఏసిన కాళ్లు ఇవి. ఎక్కుతయి బిడ్డా. కాకపోతే నిమ్మళంగ ఎక్కుతయి."

అత్త చెప్పింది నిజం. తొందర పనికిరాదు. దమ్ము వస్తే కూర్చోవాలి. కళ్లు తిరిగితే నీడకు పోవాలి. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెం తాగాలి. ఛాతీలో నొప్పి వస్తే ఇక ఎక్కవద్దు. అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయాలి. సగం దాకా పోయి దిగినా తప్పు లేదు. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు ఎక్కువ పడుతుంది. ఇంకా నెమ్మదిగా దిగాలి.

పైకి చేరితే చల్లటి గాలి. కింద ఊరి ఇళ్లు అగ్గిపెట్టెల్లాగ కనబడతాయి. చెరువులు, పొలాలు, వాటి నడుమ దారులు కనబడతాయి. రోజూ మడిలో వంగి చూసే పొలాలను పైనుంచి చూడడం వేరు. ఒకప్పుడు ఆ చూపు కోట కావలివాళ్లకే దక్కేది. ఇప్పుడు టికెట్ తీసుకున్న ఎవరికైనా దక్కుతుంది.

భువనగిరి దూరం అనుకుంటే దగ్గరవీ ఉన్నాయి. సూర్యాపేట పక్కన ఉండ్రుగొండ ఉంది. మిర్యాలగూడ వాళ్లకు దేవరకొండ ఉంది. అక్కడ పద్మనాయకులు కట్టిన కోట ఉంది.

కొత్త మాటలు

ఏకశిల: ఒకే బండ
శాసనం: రాయి మీద, రాగి రేకు మీద చెక్కిన రాత
గుండం: నీళ్లు నిలిచే లోతైన గుంట

చెప్పండి, రాయండి

1. భువనగిరి గుట్ట ఎందుకు గుండ్రంగా ఉంది?
2. చందుపట్ల రాయి వల్ల ఏమి తెలిసింది?
3. రెండు సెంటీమీటర్ల వాన పడితే గుట్ట మీద ఎన్ని బిందెల నీళ్లు పడతాయి?
4. "గుట్ట ఎక్కడం మగపిల్లల పని" అన్న మాటకు మీ జవాబు ఏమిటి? నాలుగు వాక్యాలు రాయండి.
5. మీ పొదుపు సంఘంలో ఎవరెవరు వస్తారో అడగండి. వాళ్ల పేర్లు, పోయే తేదీ, తీసుకుపోయే వస్తువులు ఒక కాగితం మీద రాయండి.