పెరట్లో పాము, గోడ మీద కోతి, కరెంటు తీగ మీద పాలపిట్ట: మన ధర్మం ఏం చెయ్యమంటోంది?

ఈ వారం వీడియోలో కాళీయ మర్దనం కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అందులో ఒక విషయం వదిలేశాం. అది ఇక్కడ వివరంగా చూద్దాం. ముఖ్యంగా ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట్, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు కొత్త ఇళ్లలో ఉంటున్నవాళ్లు చివరిదాకా చదవండి. ఇది మీ ఇంటి వెనకాల జరిగే విషయం.

వానాకాలం. ఇంటి వెనక బట్టలు ఉతికే బండ దగ్గర, మిగిలిపోయిన ఇటుకల కుప్ప పక్కన పాము కనిపించింది అనుకోండి. నాన్న కర్ర కోసం వెతుకుతారు. నానమ్మ "కొట్టకురా, నాగేంద్రుడు!" అంటూ గిన్నెలో పాలు తెమ్మంటుంది. తమ్ముడు ఫోన్ తీసి రీల్ కోసం ఇంకో రెండడుగులు ముందుకెళ్తాడు. ఈ ముగ్గురిలో ఎవరు కరెక్ట్?

నిజం చెప్పాలంటే ముగ్గురూ కాదు. ఒకరిది భయం, ఒకరిది భక్తి, ఒకరిది సరదా. కానీ ముగ్గురి వల్లా ఆ పాముకీ ప్రమాదమే, ఇంట్లోవాళ్లకీ ప్రమాదమే. మరి ఏం చెయ్యాలి? మన పురాణాల్లోనే దీనికి జవాబు ఉంది. రండి, చూద్దాం.

ఎవరి చోటులోకి ఎవరు వచ్చారు?

విజయవాడ హైవే మీద వెళ్తుంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి కనిపిస్తుంది. ఒకప్పుడు అది నిజాం నవాబుల వేట భూమి. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భాన్ని పురస్కరించుకుని 1975లో దాన్ని జింకల కోసం కేటాయించారు. 1994లో జాతీయ పార్కు అయింది. వేటాడిన నేలే చివరికి అహింసను బోధించిన మహాత్ముడి పేరుతో రక్షిత వనం కావడం ఎంత మంచి మాటో చూడండి! దాదాపు 3,600 ఎకరాల్లో కృష్ణజింకలు, మచ్చల జింకలు, నెమళ్లు, అడవిపందులు, పాములు, ఎన్నో రకాల పక్షులు అక్కడ బతుకుతున్నాయి.

ఇప్పుడు దాని చుట్టూ కాలనీలే. హైవే మీద ఇంకా ముందుకెళ్తే, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. 2016లో కొత్త మండలం అయిన ఊరు ఇది. గుట్టలు, బండరాళ్లు, తాటిచెట్లు, చెరువులు, మెట్ట పొలాలు ఉన్న నేల. ఇప్పుడు ఆ పొలాల్లోనే వెంచర్లు, గేటెడ్ కమ్యూనిటీలు. మనం గృహప్రవేశం చేసి, పాలు పొంగించి, "మా ఇల్లు" అనుకుంటాం. కానీ ఆ బండల కింద ఉడుము, ఆ పొదలో ముంగిస, ఆ పుట్టలో పాము మనకంటే ముందు నుంచీ ఉన్నాయి. జేసీబీ వచ్చి నేల చదును చేసినప్పుడు వాటికి ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

మహాభారతం ఆదిపర్వంలో ఖాండవ దహనం గుర్తు తెచ్చుకోండి. అగ్నిదేవుడి ఆకలి తీర్చడానికి కృష్ణార్జునులు అడవిని కాపలా కాశారు, అడవి కాలిపోయింది. ఆ మంటల్లో తక్షకుడి భార్య తన కొడుకు అశ్వసేనుణ్ణి కాపాడబోయి అర్జునుడి బాణానికి చనిపోయింది. కొడుకు మాత్రం బయటపడ్డాడు. ఏళ్లు గడిచాక, కురుక్షేత్రంలో, ఆ అశ్వసేనుడే కర్ణుడి బాణంలో చేరి అర్జునుడి మీదికి వచ్చాడు. కృష్ణుడు రథాన్ని నేలలోకి నొక్కడంతో కిరీటం పోయింది, తల మిగిలింది.

ఇది విని "పాములు పగబడతాయి" అని భయపడకండి. మామూలు పాముకి పగ గుర్తుపెట్టుకునేంత తెలివి ఉండదు. ఇక్కడ మనం నేర్చుకోవాల్సింది వేరే. చోటు పోగొట్టుకున్న ప్రాణి ఎక్కడికీ మాయం కాదు. ఎక్కడో ఒకచోట మళ్లీ ఎదురవుతుంది. మన పెరట్లో ఎదురవుతున్నది అదే.

కాళీయుడి కథలో మనం మర్చిపోయే భాగం

కాళీయ మర్దనం అనగానే పడగల మీద చిన్ని కృష్ణుడి నాట్యమే గుర్తొస్తుంది. మరి కాళీయుడు యమునలోకి ఎందుకొచ్చాడు? భాగవతం దశమ స్కంధంలో పరీక్షిత్తు కూడా ఇదే అడుగుతాడు. కాళీయుడి అసలు చోటు రమణక ద్వీపం. అక్కడ గరుత్మంతుడితో గొడవపడి, ఓడిపోయి, ప్రాణభయంతో పారిపోయి వచ్చాడు. సౌభరి మహర్షి శాపం వల్ల గరుడుడు ఆ మడుగు దగ్గరికి రాలేడు కాబట్టి అక్కడ దాక్కున్నాడు. అంటే కాళీయుడు కూడా చోటు పోగొట్టుకుని వచ్చినవాడే.

అలాగని కృష్ణుడు "పాపం, ఉండనీ" అనలేదు. ఆ నీళ్లు తాగి ఆవులూ గోపబాలకులూ పడిపోయారు. వాళ్ల ప్రాణాలు ముఖ్యం. అందుకే మడుగులోకి దూకాడు. పొగరు అణిచాడు. నాగపత్నులు వేడుకోగానే ఆగిపోయాడు. "ఈ నది ఆవులకీ మనుషులకీ కావాలి, నువ్వు నీ చోటికి వెళ్లు" అని పంపించాడు. పైగా "నీ తల మీద నా పాదముద్రలున్నాయి, ఇక గరుడుడు నిన్నేమీ చెయ్యడు" అని భరోసా ఇచ్చాడు.

గమనించారా? చంపలేదు. పూజించి అక్కడే ఉంచలేదు. చోటు మార్చి, ఆ చోటులో భయం లేకుండా చేశాడు. ఇవాళ పాముల్ని జాగ్రత్తగా పట్టి తీసుకెళ్లి వదిలేవాళ్లు చేస్తున్న పని ఇదే. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి ఈ పని చేస్తోంది. శిక్షణ ఉన్న వలంటీర్లు వచ్చి పామును పట్టుకెళ్తారు.

మరి పాలు పొయ్యొద్దా?

మన ఏరియాలో తెలంగాణ వాళ్లు శ్రావణంలో నాగపంచమి చేస్తారు. ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు కార్తీకంలో నాగుల చవితి చేస్తారు. రెండూ మనవే, రెండూ గొప్పవే. పొలంలో ఎలుకల్ని తిని పంటని కాపాడే జీవికి ఏడాదికోసారి దణ్ణం పెట్టడం మన పెద్దల సంస్కారం.

కానీ ఒక మాట స్పష్టంగా తెలుసుకోండి. పాము పాలు తాగే జీవి కాదు. పాలు దాని ఆహారం కాదు, సరిగ్గా అరగవు కూడా. పండక్కి బుట్టలో పట్టుకొచ్చే పాములకి చాలాసార్లు కోరలు పీకేసి ఉంటారు, రోజుల తరబడి నీళ్లు ఇవ్వరు. దాహంతో అల్లాడే ఆ పాము గిన్నెలో ఏది ఉన్నా నోరు పెడుతుంది. మనం "తాగింది, తాగింది!" అని సంబరపడి పదో ఇరవయ్యో ఇస్తాం. ఆ డబ్బే వచ్చే ఏడాది ఇంకో పామును పట్టిస్తుంది.

మరేం చెయ్యాలి? రావిచెట్టు కింద జంట నాగుల ప్రతిష్ఠ ఉన్న గుడి ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. అభిషేకం అక్కడ చేయండి. పుట్ట దగ్గరికి వెళ్తే పసుపు, కుంకుమ, పువ్వులతో దూరం నుంచి దణ్ణం పెట్టండి. పుట్ట రంధ్రంలో పాలూ గుడ్లూ వేసి దాని ఇంటిని పాడుచెయ్యకండి. భక్తి ఏమాత్రం తగ్గదు.

వానరుల కోసం రాముడు ఏం అడిగాడు?

ఇంకో అతిథి కోతి. మంగళవారం, శనివారం ఆంజనేయస్వామి గుడి దగ్గర కోతులకి అరటిపండ్లు పెట్టడం చాలామందికి అలవాటు. ఉద్దేశం మంచిదే. కానీ ఏమవుతోంది? కోతి మన చేతిలో కవర్ చూస్తే అందులో తిండి ఉందని నేర్చుకుంటోంది. తర్వాత ఆ కవర్ స్కూలు పిల్ల చేతిలో ఉన్నా లాక్కుంటుంది, అడ్డొస్తే కరుస్తుంది. మీరు పెట్టిన అరటిపండుకి ఫలితం పక్కింటి పాప అనుభవిస్తుంది. ఆ తర్వాత కాలనీ వాళ్లంతా కలిసి కర్రలతో, టపాసులతో ఆ కోతినే తరుముతారు.

వాల్మీకి రామాయణం యుద్ధకాండ చివర్లో ఒక అందమైన ఘట్టం ఉంది. రావణ సంహారం అయ్యాక ఇంద్రుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నాడు. రాముడు తన కోసం ఏమీ అడగలేదు. నా కోసం ప్రాణాలిచ్చిన వానరులు తిరిగి బతకాలి అన్నాడు. అంతటితో ఆగలేదు. వాళ్లు ఎక్కడుంటే అక్కడ కాలం కాని కాలంలో కూడా చెట్లకి పువ్వులూ పళ్లూ ఉండాలి, నదుల్లో నిర్మలమైన నీళ్లు ఉండాలి అని అడిగాడు.

ఆలోచించండి. వానరుల మీద రాముడికి ఉన్నంత ప్రేమ ఎవరికి ఉంటుంది? ఆ ప్రేమతో ఆయన అడిగింది చెట్లు, నీళ్లు. వాళ్ల బతుకు వాళ్లు బతికే అడవి! 2015లో మొదలైన తెలంగాణకు హరితహారంలో కూడా కోతుల కోసం పండ్ల మొక్కలు నాటే ప్రయత్నం జరిగింది. మీరూ ఊరి చివర గుట్ట దగ్గర పంచాయతీ అనుమతితో మేడి, నేరేడు, సీమచింత, రేగు మొక్కలు నాటొచ్చు. హనుమంతుడికి ఇంతకంటే మంచి మొక్కు ఏముంటుంది?

దసరా రోజు పాలపిట్ట

దసరా సాయంత్రం జమ్మి పూజ అయ్యాక పాలపిట్టని చూడాలి అంటారు. రాముడు లంకకి బయల్దేరినప్పుడు, పాండవులు అజ్ఞాతవాసం ముగించుకున్నప్పుడు పాలపిట్ట కనిపించిందని పెద్దలు చెప్పే కథ. మన తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా ఇదే.

ఆ రోజు కొందరు పంజరంలో పాలపిట్టని పెట్టుకుని గుళ్ల దగ్గర తిరుగుతుంటారు. చూపించి డబ్బులు తీసుకుంటారు. ఆ పిట్ట ఎగిరిపోకుండా కాళ్లు కడతారు, రెక్కలు కత్తిరిస్తారు లేదా జిగురు పూస్తారు. పండగ అయ్యాక వదిలేసినా అది ఎగరలేదు, వేటాడలేదు. విజయానికి గుర్తు అని మనం చూసిన పక్షి ఆకలితో చనిపోతుంది. ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

అసలు ఆ ఆచారంలో ఉన్న మజా ఏంటి? ఊరి పొలిమేరకి నడిచి వెళ్లడం, తలెత్తి వెతకడం, కనిపిస్తే సంతోషించడం. సిటీ మధ్యలో ఉన్నవాళ్లకి ఇది కష్టం. మీకు మాత్రం అవకాశం ఉంది. ఖాళీ ప్లాట్ల మధ్య కరెంటు తీగల మీద, ఎండిన తాటిచెట్టు మొద్దు మీద చూడండి. కూర్చున్నప్పుడు గోధుమరంగు పిట్టలా ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లో నీలం మెరుస్తుంది! కనిపించకపోతే? "వచ్చే ఏడు చూద్దాం" అనుకుని ఇంటికి రండి. దర్శనం అనేది దేవుడు ఇవ్వాలి, కొనుక్కునేది కాదు.

పాము కనిపిస్తే ఇలా చేయండి

1. ఆగండి, మెల్లగా వెనక్కి జరగండి. పిల్లల్ని, పెంపుడు కుక్కని లోపలికి పంపండి.
2. ఒక పెద్దవాళ్లు మాత్రం దూరం నుంచి అది ఎటు వెళ్తోందో చూస్తూ ఉండండి. ఇంట్లోకి వచ్చే తలుపు మూసి, కింద సందులో తువ్వాలు కుక్కండి.
3. అటవీ శాఖకి గానీ, శిక్షణ ఉన్న రెస్క్యూ వాళ్లకి గానీ ఫోన్ చేయండి. ఆ నంబర్లు ఇవాళే సేవ్ చేసి పెట్టుకోండి.
4. కర్ర, కిరోసిన్, యాసిడ్, సెల్ఫీ ఏవీ వద్దు. చాలామంది పామును కొట్టబోయో, పట్టబోయో కాటు తింటారు.
5. కాటు పడితే 108కి ఫోన్ చేయండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. కాటు పడిన కాలో చెయ్యో కదపకుండా ఉంచండి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చెయ్యకండి. విషానికి మందు హాస్పిటల్‌లో ఇచ్చే యాంటీవీనం ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ అదే ఇంజెక్షన్ పని చేస్తుంది. కాబట్టి పామును చంపి తీసుకెళ్లాల్సిన పని లేదు.

కట్లపాము విషయంలో ఇంకా జాగ్రత్త. అది రాత్రిపూట తిరుగుతుంది, కాటు నొప్పి పెద్దగా తెలియదు. నేల మీద పడుకునేవాళ్లు దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపుకోండి. "మంత్రం వేయిద్దాం" అని ఎవరైనా అంటే, మంత్రం తప్పకుండా చదవండి, కానీ అంబులెన్సులో కూర్చుని చదవండి. ఆస్తీక మహర్షిని తలుచుకుంటే పాముల భయం ఉండదని ఆదిపర్వం చెబుతుంది. ఆ ఆస్తీకుడు సర్పయాగాన్ని ఆపించి పాముల ప్రాణాలు నిలబెట్టినవాడు. ఆయన్ని తలుచుకుంటూ పామును కొట్టలేం కదా!

ఈ వారం మన సాధన

ఈ వారం మూడు పనులు చేద్దాం. ఒకటి, పెరట్లో ఇటుకలు, కొబ్బరి చిప్పలు, పాత చెక్కలు తీసేయండి. మిగిలిన అన్నం గోడ పక్కన పారెయ్యకండి. అన్నానికి ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది. రెండు, డాబా మీద నీడలో మట్టి పాత్రతో నీళ్లు పెట్టి, రోజూ మార్చండి. గృహస్థుడు చెయ్యాల్సిన పంచ మహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి. పిట్టలకి నీళ్లు పెట్టడం కూడా అందులోకే వస్తుంది. మూడు, ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చుని ఈ కథలు మాట్లాడండి. నానమ్మని "మూఢనమ్మకం" అని తీసిపారెయ్యకండి. కొట్టొద్దని ఆపింది ఆవిడే. ఆ ఒక్క మాటకే ఒక ప్రాణం నిలబడింది. పాలగిన్నె బదులు ఫోన్ చేస్తే చాలని ఆవిడకి ప్రేమగా చెప్పండి.

జీవుల పట్ల దయ చూపడం మన రాజ్యాంగం 51-ఏ(జి)లో కూడా పౌరుడి ప్రాథమిక విధిగా ఉంది. చట్టం చెప్పినా, కృష్ణుడు చూపించినా దారి ఒకటే. దూరం నుంచి దణ్ణం పెట్టండి, దాని దారి దానికి వదలండి.

వచ్చే వారం వీడియోలో ఆస్తీకుడి కథ పూర్తిగా చెప్పుకుందాం. అప్పటిదాకా టార్చ్ లేకుండా రాత్రి పెరట్లోకి వెళ్లకండి!

కృష్ణార్పణం.