మళ్లీ సైకిలెక్కితే

హోసూరులో 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ తయారీ మొదలైంది. మోటారు బండ్లు పెరిగేకొద్దీ పెద్దలు చాలామంది సైకిలు తొక్కడం మానేశారు. అయితే తమిళనాడు ప్రభుత్వం ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పదకొండో తరగతి విద్యార్థులకు ఉచితంగా సైకిళ్లు ఇస్తోంది. ఇంటికి కొత్త సైకిలు రాగానే అమ్మానాన్నలకూ ఒకసారి ఎక్కి చూడాలనిపిస్తుంది.

20 ఏళ్ల తరువాత సైకిలు తొక్కడం వస్తుందా? తప్పక వస్తుంది. ఒకసారి అలవడిన నిలకడ మెదడులో పదిలంగా ఉంటుంది. కాని నేర్పు నిలిచినట్లు సత్తువ నిలవదు. వాడకం లేని కండరాలు బలం తగ్గుతాయి. ఆయాసం త్వరగా వస్తుంది. మనసు కోరిన దూరం మొదటి రోజే కాళ్లకు అందదు.

నేల వాలు కూడా మనిషిని ఏమారుస్తుంది. హోసూరు ఎత్తైన పీఠభూమి మీద ఉంది. సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కృష్ణగిరి అంతకన్న 300 మీటర్లకు పైగా పల్లంలో ఉంది. అటు వెళ్లేటప్పుడు పల్లం కలిసివస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎక్కుడు ఎదురవుతుంది. కనుక ఎంత దూరం వెళ్లగలమని కాక, ఎంత దూరం నుంచి తిరిగి రాగలమని లెక్క వేసుకోవాలి.

ఎక్కేముందు చక్రాల గాలి, బ్రేకులు సరిచూడాలి. పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు అమర్చుకోవాలి. లారీలు తిరిగే జాతీయ రహదారిని విడిచి, ఊరి దారిలో మొదట పావుగంట తొక్కితే చాలు. రోజూ కొంచెంగా పెంచితే పోయిన సత్తువ తిరిగి వస్తుంది.

చేయండి: మీ ఇంట్లో సైకిలు మానిన పెద్దలను కారణం అడిగి, ఐదు వాక్యాలు రాయండి.