సారు లేని రోజు మోగే బ్యాండు

పంద్రాగస్టు దగ్గరికొస్తుందంటే జడ్చర్ల, బాదేపల్లి బళ్లలో పొద్దున్నే సైడ్ డ్రమ్ముల చప్పుడు మొదలవుతుంది. ఏడాదంతా బీరువాలో పడి ఉన్న బ్యాండు సెట్టు బయటికొస్తుంది. పెద్ద డ్రమ్మును మెడకు తగిలించుకున్న పిల్లవాడు వెనక్కి వాలి నడుస్తుంటాడు. పీఈటీ సారు విజిల్ ఊదితే మొదలుపెడతారు, మళ్లీ ఊదితే ఆపుతారు. జెండా వందనం అయ్యాక సెట్టు తిరిగి బీరువాలోకి వెళ్తుంది. ఆ సారుకు బదిలీ అయిన ఏడాది మాత్రం చాలా బళ్లలో ఆ బీరువా తెరుచుకోదు. డ్రమ్ములు అక్కడే ఉంటాయి, నిరుడు వాయించిన పిల్లల్లో చాలామంది పై తరగతిలో అక్కడే ఉంటారు, బ్యాండు మాత్రం ఉండదు.

ఆ పిల్లలకు వాయించడం వచ్చు. పదిమందిని పిలిచి వరుసలో నిలబెట్టడం, ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పడం, తప్పుపోయినవాణ్ని నొప్పించకుండా సరిచేయడం, అలిగి వెళ్లినవాణ్ని మళ్లీ తీసుకురావడం రాదు. అవన్నీ సారే చూసుకున్నారు కాబట్టి వాళ్లకు ఆ అవసరమే పడలేదు. నాయకత్వం పుట్టుకతో రావాలని మనలో చాలామంది నమ్ముతారు. పాటల బృందాన్నో బ్యాండునో దగ్గరగా చూసినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. స్వరం నేర్పినట్టే దాన్నీ కూర్చోబెట్టి నేర్పవచ్చు. నేర్పేవాళ్లు కావాలి. పిల్లలకు ఎంత అవసరమో, పిల్లలకు సంగీతం చెప్పే సార్లకూ మేడమ్‌లకూ అంతే అవసరం.

పాలమూరు పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు. చిరుతల రామాయణం ఆడిన ఏ ఊరిని అడిగినా చెబుతుంది. ఆట నేర్చుకోవాలనుకున్న ఊరు బయటి నుంచి ఒక గురువును పిలిపించుకుంటుంది. పగలంతా పొలం పని చేసుకుని, బువ్వ తిని, రాత్రిపూట గుడి ముందో బడి ముందో అందరూ చేరతారు. గుండ్రంగా నిలబడి చేతుల్లో చిరుతలు పట్టుకుని అడుగు నేర్చుకుంటారు. చదువు రానివాళ్లు కూడా దరువులన్నీ విని నోటికి పట్టేస్తారు. నెలలు గడిచాక ఆట ఊరి ముందుకు వస్తుంది. గురువుకు ముట్టజెప్పవలసింది ముట్టజెబుతారు. ఆయన ఇంకో ఊరికి వెళ్లిపోతాడు.

ఆ గురువు చేసే పనిలో సంగీతం ఎంత, మనుషుల్ని సర్దుకురావడం ఎంత అని విడదీసి చూస్తే రెండోదే ఎక్కువ తేలుతుంది. ఆయన ఆ ఊరివాడు కాదు. ఎవరికి ఎవరితో గట్టు తగాదా ఉందో, ఎవరు ఎవరి పక్కన నిలబడరో వచ్చిన కొద్దిరోజులకే పసిగట్టాలి. రాముడి వేషం నలుగురికి కావాలి. పెద్ద వేషాలన్నీ ఒకే వాడకట్టుకు పోతే రెండో వాడకట్టు మర్నాటి రాత్రి నుంచి రాదు. అడుగు కుదరని మనిషిని కుదిరినవాడి పక్కన నిలబెట్టాలి. ఆ సంగతి అతనికి చిన్నతనంగా తోచకూడదు. బాగా ఆడేవాడికి గర్వం పెరిగితే, నలుగురిలో తిట్టకుండా, కొత్తగా వచ్చిన కుర్రవాణ్ని అతనికి అప్పజెప్పి “వీనికి అడుగు నువ్వే చెప్పాలె బిడ్డా” అనడం మంచి గురువుకు తెలిసిన పద్ధతి. నేర్పే పని మీద పడ్డాక గర్వం దానంతటదే సర్దుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. తాను వెళ్లిపోతానని గురువుకు మొదటి రాత్రే తెలుసు. అందుకే మధ్యలో ఒకరోజు ఆయన రాలేకపోయినా సాధన ఆగకుండా చూసే మనిషిని ముందే చూసిపెట్టుకుంటాడు. ఆట మరో ఏడు మళ్లీ కట్టాలంటే ఊరికి మిగిలేది ఆ మనిషే.

సంగీతం చెప్పే గురువులకే గురువుగా పనిచేసిన పెద్ద మనిషి ఒకాయన ఉండేవారు. 1925లో చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్‌ను మలయాళ సినిమా సంగీత దర్శకుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. నాకు ఆయన సినిమా పాటలకంటే ఆయన బృందగానం మీద గౌరవం ఎక్కువ. మద్రాస్ యూత్ కోయిర్‌ను నిలబెట్టారు. ఎన్‌సీఈఆర్‌టీ సామూహిక గానం కోసం పెట్టిన శిబిరాల్లో బడి పంతుళ్లకు పాటలు నేర్పారు. సంగీతం చదవని లెక్కల టీచరు, సైన్స్ టీచరు కూడా అక్కడికి వచ్చేవాళ్లు. తమది కాని భాషల పాటలు నేర్చుకుని వెళ్లి తమ బళ్లో పిల్లలందరి చేతా పాడించాలి. అక్కడ గొంతు బాగుండటం ఒక్కటే చాలదు. చేయి ఎత్తితే పిల్లలంతా కలిసి ఎత్తుకోవాలి, చేయి దించితే కలిసి ఆగాలి, వెనక వరుసలో పెదాలు కదపని పిల్లను చూడగలగాలి. 1988 మార్చిలో ఆయన లక్షద్వీప్‌లో కన్నుమూశారు. ఆ శిబిరాల నుంచి బళ్లకు తిరిగివెళ్లిన ఉపాధ్యాయులు ఎన్ని ప్రార్థన సమావేశాల్లో ఎందరు పిల్లల చేత పాడించి ఉంటారో తలుచుకుంటే ఆ పని ఎంత దూరం పాకుతుందో అర్థమవుతుంది.

బయటి దేశాల్లోనూ ఈ పని మీదే బతుకంతా పెట్టినవాళ్లున్నారు. అమెరికాలో బడి బ్యాండంటే చాలాచోట్ల వందమంది పిల్లల వ్యవహారం. ఒక్క మాస్టారు అందరినీ చూడలేరు కాబట్టి ఒక్కో వాద్యం గుంపుకు ఒక్కో పిల్లవాణ్ని సెక్షన్ లీడరుగా పెడతారు. అలా పెట్టగానే సరిపోదని, ఆ పిల్లలకు విడిగా శిక్షణ కావాలని పట్టుబట్టినవారిలో టిమ్ లాట్జెన్‌హైజర్ ఒకరు. విశ్వవిద్యాలయాల బ్యాండ్లు నడిపిన అనుభవంతో ఆయన ఊరూరా తిరిగి విద్యార్థి నాయకులకూ బ్యాండు మాస్టర్లకూ తరగతులు చెప్పారు. వెనెజులాలో హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో ఒక గ్యారేజీలో వాద్యబృందం మొదలుపెడితే తొలిరోజు వచ్చింది 11 మంది. వందమంది వస్తారనుకున్న మనిషి ఆ పదకొండుమందితోనే కూర్చున్నారు. ‘ఎల్ సిస్టెమా’గా పేరుపడ్డ ఆ ఉద్యమంలో కాస్త ముందు నేర్చుకున్న పిల్లలు వెనక వచ్చినవాళ్లకు నేర్పడం మొదటి నుంచీ అలవాటు. న్యూయార్క్‌లో 1972లో పుట్టిన ఆర్ఫియస్ ఛాంబర్ ఆర్కెస్ట్రాకైతే అసలు కండక్టరే ఉండడు. ఒక్కో కృతికి వాళ్లలోనే కొందరు ముందుండి నడిపిస్తారు. ఇంకో కృతికి వాళ్లే వెనక కూర్చుంటారు.

ఇవన్నీ దూరదేశాల సంగతులని పక్కన పెట్టేముందు జడ్చర్లలో పెళ్లి బరాత్ వెంట కాసేపు నడవండి. ముందు కారు, మధ్యలో చిందులేసే కుర్రాళ్లు, వెనక జనరేటర్ బండి, పక్క నుంచి బస్సుల హారన్లు. ఆ రొదలో బ్యాండు మాస్టరు నోటితో ఒక్క మాటా చెప్పలేడు. చెప్పినా వినపడదు. కనుబొమ్మ ఎత్తితే పాట మారుతుంది. ట్రంపెట్ కాస్త పైకెత్తితే చరణం అయిపోతోందని డోలు వాయించేవాడికి తెలిసిపోతుంది. పెళ్లికొడుకు మేనమామ వచ్చి ఫలానా పాటే కావాలని పట్టుబడితే నవ్వి, ఇటు వాళ్లను సముదాయించి, అటు తన మనుషులను సిద్ధం చేసుకుంటాడు. పొద్దుపోయాక అలిసిన చేతులతో వాయిస్తున్నవాళ్ల మనసు ఎలా ఉందో ఆయనకు తెలుసు. బ్యాండు మేళం పనిని మనం చిన్నచూపు చూశాం. వాళ్లను బడికి పిలిచి, పిల్లల ముందు కుర్చీ వేసి, “అన్నా, ఇంతమందిని మాట లేకుండ ఎట్ల నడిపిస్తవ్?” అని అడిగిన బళ్లు ఎన్ని? పిలవాలి. సంగీతం టీచర్లు, పీఈటీలు ముందు వరుసలో కూర్చుని వినాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక గంట ఇందుకు కేటాయిస్తే జడ్చర్ల, మిడ్జిల్, నవాబ్‌పేట, బాలానగర్ బళ్ల వాళ్లు ఒకరి దగ్గర ఒకరు కూడా నేర్చుకోవచ్చు.

ఒక గురువు, ఆయన వెంట విద్యార్థులు కలిస్తే ఏమవుతుందో జడ్చర్ల ఇప్పటికే చూసింది. డాక్టర్ బి.ఆర్.ఆర్. ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెరిగింది అలాగే. మొక్కల విషయంలో కుదిరింది పాటల విషయంలో కుదరదనడానికి నాకు కారణం కనిపించడం లేదు.

కుదరకపోతే ఏమవుతుందో కూడా పాలమూరుకు తెలుసు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పండుగ సాయన్న కథను, మియాసాబ్ కథను కిన్నెర మీద పాడుతూ ఊరూరా తిరిగిన మనిషి ఆయన. తండ్రి నుంచి వచ్చిన విద్య. అప్పటికి పన్నెండు మెట్ల కిన్నెర వాయించేవాళ్లలో దాదాపు చివరివాడిగా ఆయన పేరు చెప్పుకోవలసి వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడూ ఇదే పరిస్థితి. వాళ్లు తమ విద్యను ప్రాణంగా కాపాడారు. లోపం వాళ్లది కాదు. వాళ్ల చుట్టూ పిల్లల బృందాన్ని కట్టి, ఆ బృందాన్ని నడిపేవాళ్లను తయారుచేసే ఏర్పాటు మనం చేయలేదు. మొగిలయ్య కిన్నెర గురించి మన బడి పుస్తకంలో పాఠం వచ్చింది. సంతోషం. పాఠం చదివిన పిల్ల వేళ్లు మెట్ల మీద ఆడాలంటే మాత్రం పక్కన ఒక గురువు కూర్చోవాలి, వెనక ఇంకో పిల్ల నిలబడాలి.

ఇక బడి బ్యాండు చూసే సార్లకు, మేడమ్‌లకు నేను చెప్పదలుచుకున్నది. జూన్‌లో బళ్లు తెరిచాక పంద్రాగస్టుకు రెండు నెలలుంటాయి. మొదటి వారం డ్రమ్ములు ముట్టుకోనివ్వకండి. పిల్లల్ని నడిపించండి, చప్పట్లు కొట్టించండి. ప్రతి ఒక్కరి చేత “ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని ఎత్తుగడ ఇప్పించండి. నోరు విప్పని పిల్లకు కూడా ఆ వంతు రావాలి. ఎవరు ఏ వేగంతో లెక్క పెడితే బ్యాండు ఆ వేగంతోనే కదులుతుంది. తన మాట వెంట ఇరవైమంది అడుగు వేయడం చూసిన పిల్ల ఆ రోజు ఇంటికి నడిచే తీరే మారుతుంది.

రెండో సంగతి పెద్ద డ్రమ్ము పిల్లవాడిది. జనం చూస్తున్నారంటే బ్యాండు తెలియకుండానే పరుగెత్తుతుంది. ఆపడానికి అతను ఇంకా గట్టిగా కొడతాడు. అతను గట్టిగా కొడితే మిగతావాళ్లూ గట్టిగా కొడతారు, ఎవరికీ ఎవరూ వినపడరు. అప్పుడు దెబ్బ తగ్గించి, వేగం వదలకుండా నిలబెట్టమనండి. వాయించేవాళ్లంతా అతని కోసం చెవి పెడతారు. ఇంట్లో, ఆఫీసులో గొంతు పెంచి గెలవాలని చూసే పెద్దవాళ్లకు కూడా ఈ సాధన పనికొస్తుంది.

నాయకుణ్ని ఎంచేటప్పుడు బాగా వాయించేవాడి మీదికే కన్ను పోతుంది. కాస్త ఆగి చూడండి. సాధన అయ్యాక ఇతరుల డ్రమ్ములు కూడా గదికి మోసేదెవరు? ఇవాళ రాని పిల్ల గురించి అడిగేదెవరు? తప్పుపోయిన పిల్లవాడి పేరు మైదానమంతా వినిపించేలా పిలవకుండా, దగ్గరికెళ్లి పక్కన నిలబడి వాయించి చూపేదెవరు? ఆ పిల్లకు లేదా పిల్లవాడికి ఇవ్వండి. ఒక్కరికే ఇవ్వకండి. ముగ్గురు నలుగురికి ఇచ్చి, వారానికొకరి వంతు పెట్టండి.

అమ్మాయిలకు తాళాలు, అబ్బాయిలకు డ్రమ్ములు అని పంచడం మానేయాలి. జార్ఖండ్‌లోని పటమ్‌దా కస్తూర్బా బాలికా విద్యాలయం పిల్లలు 2025 జనవరి 26న ఢిల్లీ కర్తవ్య పథ్‌లో పైప్ బ్యాండు వాయించారు. రక్షణ, విద్యా మంత్రిత్వ శాఖలు కలిసి నడిపే జాతీయ పాఠశాల బ్యాండు పోటీలో బాలికల బ్రాస్ బ్యాండుకు, పైప్ బ్యాండుకు విడి విభాగాలే ఉన్నాయి. మన కస్తూర్బా బళ్లలో, గురుకులాల్లో చదివే ఆడపిల్లల భుజాలు ఆ డ్రమ్ము బరువు మోయలేనివి కావు.

టీచరుకు అన్నిటికంటే కష్టమైన పని మైదానం అంచున నిలబడి మాట్లాడకుండా చూడటం. రోజూ పది నిమిషాలు సాధన పిల్లల చేతికి వదిలేయండి. తప్పు వస్తుంది, మీకు విజిల్ మీదికి చేయి పోతుంది. ఆగండి. ఆ తప్పును వాళ్లలో ఎవరో ఒకరు విని, బ్యాండు ఆపి, మళ్లీ ఎత్తుకునేదాకా ఆగండి. మొదట్లో ఎవరూ ఆపరు. కొన్నాళ్లకు ఒకరు చేయి ఎత్తుతారు. ఎత్తిన పిల్ల చెప్పింది తప్పయినా అప్పటికప్పుడు దిద్దకండి, సాధన అయ్యాక పిలిచి మాట్లాడండి.

జనవరి 26 అయిపోగానే పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు, ఆ వెంటనే మార్చిలో పరీక్షలు వస్తాయి. చాలా బళ్లలో పాత నాయకులు అలా చెప్పాపెట్టకుండా వెళ్లిపోతారు, వాళ్లతో పాటు వాళ్లకు తెలిసినదీ వెళ్లిపోతుంది. గణతంత్ర దినోత్సవం మర్నాడే అప్పగింత పెట్టండి. పదో తరగతి పిల్లలు ఒక పుస్తకంలో రాయాలి: ఏ డ్రమ్ముకు ఏ స్క్రూ వదులు, కవాతులో మలుపు దగ్గర ఎవరు ముందు తిరగాలి, ఎవరికి ఏ పక్క నిలబడితే బాగా కుదురుతుంది, ఆరో తరగతిలో చేయి తిరిగినవాళ్లు ఎవరు. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు సాధన తొమ్మిదో తరగతి పిల్లలు నడపాలి. పాతవాళ్లు వీలున్న రోజు వచ్చి పక్కన నిలబడాలి, అడిగితేనే చెప్పాలి.