వేగాన్ని కొలవడం ఎలా?

ఇద్దరు బాటసారులు ఒకే ఊరికి బయలుదేరారు. ఒకరు నిమిషానికి నూరు అంగలు వేస్తారు. మరొకరు నూట యాభై వేస్తారు. ముందుగా ఊరు చేరేదెవరు? రెండోవారేనని చాలామంది తొందరపడి చెబుతారు. కాని ఒక్కొక్క అంగ ఎంత దూరం పడుతుందో తెలియకుండా ఆ మాట చెప్పడానికి వీలులేదు. కంప్యూటర్ల వేగాన్ని పోల్చేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రాసెసర్ – గడియారం

కంప్యూటర్‌లో లెక్కలు చేసే ముఖ్యభాగం ప్రాసెసర్. కూడటం, పోల్చటం, జ్ఞాపకశాలలోని అంకెను తెచ్చుకోవటం వంటి చిన్న చిన్న ఆదేశాలను అది ఒకదాని తరువాత ఒకటి నెరవేరుస్తుంది. ఈ పనులన్నీ లోపలి గడియారపు స్పందనలకు అనుగుణంగా సాగుతాయి. సెకనుకు నూరు కోట్ల స్పందనలు ఉంటే దానిని ఒక గిగాహెర్ట్జ్ అంటారు. ఒక్కొక్క స్పందన బాటసారి వేసే ఒక్కొక్క అంగ వంటిది.

రెండు తరాలు

ఇంటెల్ సంస్థ 1999లో పెంటియమ్ 3 ప్రాసెసర్‌ను విడుదల చేసింది. 2000 మార్చిలో అది ఒక గిగాహెర్ట్జ్ వేగాన్ని అందుకుంది. అందులో సుమారు 2.8 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో తరువాతి తరానికి చెందిన పెంటియమ్ 4 వచ్చింది. దానిలో 4.2 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. గడియార వేగం 1.4, 1.5 గిగాహెర్ట్జ్.

అంకెలు చూసినవారు కొత్తది పాతదానికి ఒకటిన్నర రెట్లు వేగంగా పనిచేస్తుందని అనుకున్నారు. పరీక్షించి చూస్తే ఫలితం అలా రాలేదు. కదిలే బొమ్మలను కుదించి భద్రపరచడం వంటి పనుల్లో కొత్తది బాగా ముందుంది. అయితే కొన్ని సాధారణ కార్యాలయపు పనుల్లో 1.4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4, ఒక గిగాహెర్ట్జ్ పెంటియమ్ 3ను దాటలేకపోయింది. ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద అంకెను కొన్నవారికి అన్ని పనుల్లోనూ ఆ మేరకు లాభం కలగలేదు.

ఇటుకల వరుస

దీనికి కారణం ఒక ఉదాహరణ వల్ల తెలుస్తుంది. ఇల్లు కట్టేచోట కూలీలు బారుగా నిలబడి ఇటుకలు అందించుకుంటారు. అదే దూరంలో పదిమందికి బదులు ఇరవైమంది నిలబడితే ఒక్కొక్కరు చేయి చాచవలసిన దూరం తగ్గుతుంది. కనుక చేతులు త్వరగా ఆడతాయి. నిమిషానికి ఎక్కువ ఇటుకలు చేరుతాయి. పెంటియమ్ 3లో ఆదేశం సుమారు పది దశలు దాటేది. పెంటియమ్ 4లో వాటిని ఇరవై చేశారు. ఒక్కొక్క దశలో పని తగ్గింది కాబట్టి గడియారాన్ని వేగంగా నడపడం సాధ్యమైంది.

ఇంతలో మేస్త్రీ, "ఇటుకలు వద్దు, రాళ్లు పంపండి" అన్నాడనుకుందాం. వరుసలో ఉన్న ఇటుకలన్నీ పక్కన పెట్టవలసిందే. వరుసలో చేతులు ఎక్కువైతే వృథా అయ్యే ఇటుకలూ ఎక్కువే. ప్రాసెసర్‌లోనూ ఇలాగే జరుగుతుంది. "ఇలా అయితే ఈ పని, లేకుంటే ఆ పని" అనే ఆదేశం వచ్చినప్పుడు, అది జవాబు తేలేదాకా ఆగకుండా ఏదో ఒక దారిని ఊహించి ముందుకు సాగుతుంది. ఊహ తప్పితే అంతవరకు చేసినది పారవేసి మళ్లీ మొదలుపెట్టాలి. పెంటియమ్ 3లో దీనివల్ల సుమారు పది స్పందనలు, పెంటియమ్ 4లో సుమారు ఇరవై స్పందనలు నష్టపోతాయి.

ఒక చిన్న లెక్క

పాత ప్రాసెసర్ సెకనుకు 100 కోట్ల స్పందనలతో, స్పందనకు ఒక ఆదేశం చొప్పున పూర్తిచేస్తుందనుకుందాం. కొత్తది సెకనుకు 150 కోట్ల స్పందనలతో నడిచినా, మూడు స్పందనలకు రెండు ఆదేశాలే పూర్తిచేస్తుందనుకుందాం. అప్పుడు రెండూ సెకనుకు 100 కోట్ల ఆదేశాలే నెరవేరుస్తాయి. గడియారాలు వేరైనా పని ఒక్కటే.

తరువాత ఏమైంది?

2004 నాటికి పెంటియమ్ 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరింది. దానితోపాటు విద్యుత్తు వాడకం, వేడి కూడా పెరిగాయి. 4 గిగాహెర్ట్జ్ నమూనాను తేవాలన్న ఆలోచనను ఆ సంస్థ అదే ఏడాది విరమించుకుంది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో ప్రాసెసర్‌ను పెంటియమ్ 3 వంశపు నిర్మాణాన్ని మెరుగుపరచి తయారుచేశారు. గడియార వేగం తక్కువైనా అది పెంటియమ్ 4ను మించిపోయింది. వేడి కూడా తగ్గింది.

సరైన పోలిక

రెండు ప్రాసెసర్లను పోల్చాలంటే రెండింటికీ ఒకే పని, ఒకే సమాచారం ఇవ్వాలి. పని పూర్తికావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఒకటికి రెండుసార్లు కొలవాలి. ఒక్క పనితో సరిపెట్టుకోక రకరకాల పనులతో పరీక్షించాలి. ఇందుకోసం 1988లోనే స్పెక్ అనే సంస్థ ఏర్పడింది. కొనేవారు కూడా "దీని అంకె ఎంత?" అని కాక, "నా పనిని ఇది ఎంతసేపట్లో చేస్తుంది?" అని అడగాలి.

పదాలు – అర్థాలు
అంగ = పెద్ద అడుగు
బారుగా = వరుసగా
స్పందన = కొట్టుకోవడం
విరమించు = మానుకొను

ప్రశ్నలు
1. గడియార వేగం ఒక్కటే చూసి ప్రాసెసర్లను ఎందుకు పోల్చకూడదు?
2. ఇటుకల వరుస పొడవైతే కలిగే లాభమేమి? నష్టమేమి?
3. ఒక గిగాహెర్ట్జ్ గడియారానికి పది స్పందనలు, 1.5 గిగాహెర్ట్జ్ గడియారానికి ఇరవై స్పందనలు నష్టమైతే, ఏది ఎక్కువ సమయం? లెక్కకట్టి చెప్పండి.
4. కొత్తది ఎప్పుడూ పాతదానికంటే మేలైనదేనా? మీ ఇంట్లోని రెండు వస్తువులను పోల్చి పది వాక్యాలు రాయండి.