పన్ను చెల్లింపు – సామాజిక మాధ్యమాల పాత్ర

2024 జూలై 31 నాటికి మనదేశంలో 7 కోట్ల 28 లక్షల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలయ్యాయి. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా తనిఖీ చెయ్యడం ఏ శాఖకూ సాధ్యం కాదు. కనుక పన్నుల వ్యవస్థ చాలామటుకు ప్రజలు తమంతట తాము నిజం చెప్పడం మీదనే ఆధారపడి ఉంది. ఆ నిజం చెప్పించడానికి వాట్సాప్, ఫేస్‌బుక్, ఎక్స్ వంటి మాధ్యమాలు ఎంతవరకు తోడ్పడతాయో పరిశీలిద్దాం.

మనిషి పన్ను కట్టడానికి రెండు కారణాలుంటాయని ఎరిక్ కిర్ష్లర్, ఆయన సహచరులు 2008లో వివరించారు. ఒకటి అధికారం పట్ల భయం, రెండోది ప్రభుత్వం మీద నమ్మకం. భయంతో కట్టేవాడు భయం తగ్గగానే మానేస్తాడు. నమ్మకంతో కట్టేవాడిదే స్వచ్ఛంద చెల్లింపు. అయితే పన్ను కట్టనివారందరూ ఒక్కలాంటివాళ్లు కారు. వీరిని మూడు రకాలుగా విభజించవచ్చును.

మొదటి రకం, బాకీ ఒప్పుకుంటూనే గడువు దాటించేవారు. బ్రిటన్‌లో ఇటువంటి లక్షమందికి పైగా బకాయిదారులకు రకరకాల ఉత్తరాలు పంపి చూశారు. ఆ అధ్యయనం 2017లో ప్రచురితమైంది. చాలామంది సకాలంలో కట్టేశారు, కట్టని కొద్దిమందిలో మీరున్నారు అన్న ఉత్తరమే బాగా పనిచేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు గదా! హైదరాబాదు నగరపాలక సంస్థ ఏప్రిల్ 30లోగా ఆస్తిపన్ను కట్టినవారికి 5 శాతం రాయితీ ఇచ్చిన పథకం కూడా ఈ రకం వారికి సరిపోతుంది. ఎంత కట్టాలి, ఎప్పటిలోగా, ఎలా అన్నది నాలుగు ముక్కల్లో ఫోనుకు అందితే సగం పని అయినట్లే. అడగందే అమ్మయినా పెట్టదు.

రెండో రకం, ఆదాయాన్ని దాచేవారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 1995లో ఇటువంటి నీతిబోధ ఉత్తరాలే పంపితే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దాచదలచుకున్నవాడిని ఉత్తి హితవు కదిలించదన్నమాట. మనదేశంలో 2024 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ వేరే పద్ధతి అనుసరించింది. విదేశీ ఆస్తుల సమాచారం తన దగ్గర ఉన్నవారికి ఎస్సెమ్మెస్, ఈమెయిల్ పంపి, రిటర్ను సరిచూసుకోమంది. దాంతో 24 వేలమందికి పైగా రిటర్నులు సవరించి, 29 వేల కోట్ల రూపాయలకు పైబడిన విదేశీ ఆస్తులు చూపించారు. దాడి లేదు, కేకలు లేవు. మాకు తెలుసు, మీరే దిద్దుకోండి అన్న మర్యాద మాత్రమే ఉంది.

మూడో రకం, బిల్లు లేని వ్యాపారం. ఇక్కడ కొనేవాడే కాపలాదారు. తైవాన్‌లో 1951 నుంచీ బిల్లులకే లాటరీ ఉంది. 2022లో కేరళ కూడా బిల్లుల లాటరీ యాప్ ప్రారంభించింది. బిల్లు అడగడం పిసినారితనం కాదు, పౌరధర్మం అన్న భావన కలిగించడానికి సామాజిక మాధ్యమాలను మించిన సాధనం లేదు.

ఐతే ఇదే సాధనం ఎదురు తిరగవచ్చు కూడా. అందరూ ఎగ్గొడుతున్నారంటూ రోజూ ప్రచారం చేస్తే, నలుగురితో నారాయణా అనేవాళ్లే పెరుగుతారు. జీతం చేతికి రాకముందే పన్ను కోత పడే ఉద్యోగి, నేనొక్కణ్ణే వెర్రివాణ్ణా అనుకుంటాడు. బకాయిదారు పేరు బజారుకెక్కిస్తే, అతడు కట్టేశాక కూడా ఆ మచ్చ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. పొరపాటున పెట్టిన పేరైతే ఇక చెప్పేదేముంది! రిఫండు వచ్చిందంటూ దొంగ లింకులు పంపే మోసగాళ్ల వల్ల అసలు సందేశాన్ని కూడా జనం నమ్మలేకపోతున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. దండోరా వేసేవాడు చాటింపు వేసి వెళ్లిపోతాడు, ఎదురు ప్రశ్నకు నిలబడడు. సామాజిక మాధ్యమం అలా కాదు. పన్ను కట్టండి అన్న ప్రకటన కిందనే, మా వీధి గుంటల మాటేమిటని జనం అడుగుతారు. ఫలానా వార్డులో వసూలైంది ఇంత, ఖర్చయింది ఇంత, మిగిలిన పని ఇది అని అక్కడే జవాబిచ్చే సంస్థకు నమ్మకం దక్కుతుంది. ఆ ప్రశ్నల పెట్టె మూసేసే సంస్థ చేసేది దండోరాయే.

పన్నుతో మనకేమి పని అని విద్యార్థి మిత్రులు అనుకోరాదు. ఫోను రీఛార్జి మీద 18 శాతం జీఎస్టీ మనమూ కడుతున్నాం. కనుక బిల్లు అడిగే బాధ్యత మనది, లెక్క అడిగే హక్కు కూడా మనదే. రెండూ కలిసి నడిచిననాడే పన్ను చెల్లింపు స్వచ్ఛందమవుతుంది.