బికినీ అలల లెక్క చదివేవారికి

సముద్రం అడుగున పీడన మీటర్లు దించి అలలు కొలవడంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలతో ముందు బికినీ లెక్కలు చదివిస్తాను.

1. ఎత్తు పక్కనే దూరం కూడా రాయండి. 1946 జులై 25న మార్షల్ దీవుల్లోని బికినీ లగూన్‌లో, 27 మీటర్ల లోతున, అమెరికా ‘బేకర్’ అణుబాంబు పేల్చింది. పేలిన చోటికి 330 గజాల దూరంలో మొదటి అల ఎత్తు 94 అడుగులు. 660 గజాల్లో 47, 1,330 గజాల్లో 24. దూరం రెట్టింపైతే ఎత్తు సగం. ‘94 అడుగుల అల’ అని ఊరికే చెప్పేవాళ్లను నమ్మకండి.

2. ఒడ్డు లెక్క వేరు. 4,000 గజాల దగ్గర 9 అడుగులకు దిగిన అలలే అంతకన్నా దూరంలోని బికినీ దీవి ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లకు చేరి 15 అడుగుల దాకా లేచాయి. అక్కడున్న పడవలను ఒడ్డుకు విసిరి ఇసుకతో నింపేశాయి.

3. మీటరు ఎంత లోతున ఉందో తెలియకుండా దాని రీడింగు చదవకండి. బేకర్ అలలను దీవుల మీది ఉక్కు టవర్లకు బిగించిన కెమెరాలు ఫొటోలు తీశాయి. కెమెరాకు పైనీళ్లే కనిపిస్తాయి, తుంపర కమ్మితే అవీ కనిపించవు. అడుగునున్న మీటరుకు ఆ బాధ లేదు. పైన నీరు ఒక మీటరు ఎత్తు పెరిగితే పీడనం వాతావరణ పీడనంలో పదో వంతు పెరుగుతుంది. అయితే అల పొడవు నీటి లోతుకు రెట్టింపు కన్నా తక్కువైతే దాని కదలిక అడుక్కి దాదాపు చేరదు. సునామీ లాంటి పొడవాటి అల పూర్తిగా చేరుతుంది. అందుకే రీడింగును మీటరు లోతునూ అల వ్యవధినీ బట్టి సవరించాలి. ఇంకో మాట: విశాఖ నీళ్లలో కొన్నాళ్లుంచి పైకి తీస్తే మీటరు నిండా నాచూ గుల్లలూ. పీడనం తగిలే సన్నటి రంధ్రం మూసుకుపోతే రీడింగుల గీత ఎంతో నునుపుగా వస్తుంది. అంత అందంగా వచ్చిన గీతను ముందు అనుమానించండి.

4. ‘ఏమీ రాలేదు’ అన్నదీ కొలతే. 1952 నవంబరు 1న మార్షల్ దీవుల్లోనే ఉన్న ఎనివెటాక్‌లో అమెరికా 10.4 మెగాటన్నుల ‘మైక్’ హైడ్రోజన్ బాంబు పేల్చేటప్పుడు, దీవి వాలు జారి సునామీ లేస్తుందేమోనని భయం. సముద్ర శాస్త్రవేత్తలు వాల్టర్ మంక్, విల్లర్డ్ బాస్కమ్ నడిసముద్రంలో తెప్పల మీద కాపు కాశారు. నీటిలో మునిగిన కొండ శిఖరం మీద పీడన మీటరు. బాంబు పేలిన ఎలుగెలాబ్ దీవి మాయమైంది కానీ పెద్ద అల రాలేదు. ఆ భయం ఉత్తది కాదు: 1979లో ఫ్రెంచ్ పాలినేషియాలోని మొరురోవాలో ఫ్రాన్స్ అణుబాంబు, దించుతున్న బావి మధ్యలో ఇరుక్కుపోతే అక్కడే పేల్చారు, వాలు విరిగి సునామీ లేచింది. ఇవాళ హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్ కూడా సునామీని నిర్ధారించడానికి సముద్రం అడుగు పీడనం చూస్తుంది.

5. అలతోనే ఆగకండి. బేకర్ పరీక్షకు లక్ష్యంగా నిలిపిన నౌకల్లో మునగకుండా మిగిలినవాటిని పనికిరాకుండా చేసింది అల కాదు, వాటిని కమ్మిన రేడియోధార్మిక తుంపర. పరీక్షల కోసం 1946 మార్చిలో 167 మందిని బికినీ నుంచి తరలించారు. 1970లలో కొందరు తిరిగి వెళ్లారు. ఒంట్లో సీజియం పెరుగుతోందని 1978లో వాళ్లనూ ఖాళీ చేయించారు.