దాల్చినిచెక్కయు మనుష్యుల ప్రాణములును

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 30:22–33, ప్రకటన 18:11–13



పోయిన నెల స్త్రీల కూటములో అభిషేక తైలమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక పెద్దమ్మ లేచి, "అయ్యగారూ, మనం బిర్యానిల ఏసే చెక్కనేనా గది?" అని అడిగెను. నేను వెంటనే అవునంటిని. ఇంటికి వచ్చి గ్రంథములు తిరుగవేసిన మీదట, త్వరపడి జవాబు చెప్పితినని తెలిసికొంటిని. ఆ తప్పు దిద్దుకొనుటకే ఈ పాఠము.

మోషే సిద్ధపరచవలసిన తైలములో ఇటువంటి చెక్కలు రెండు కలవు. ఒకటి 250 తులములు, రెండవది 500 తులములు. మన లెక్కలో మొదటిది ఇంచుమించు మూడు కిలోలు, రెండవది దానికి రెట్టింపు. హెబ్రీ భాషలో మొదటి దానికి కిన్నమోన్ అనియు, రెండవ దానికి కిద్దా అనియు వేరు వేరు పేర్లున్నవి. మన తెలుగు బైబిలులో రెండింటికిని లవంగిపట్ట యను మాటయే కనబడును. సామెతలు 7:17లో అదే కిన్నమోన్ కారపుచెక్క అయినది. ప్రకటన గ్రంథములో దాల్చినిచెక్క అయినది. యోబు రెండవ కుమార్తెయైన కెజీయా పేరు కూడ ఈ జాతి సుగంధపు చెక్క పేరే (యోబు 42:14). ఇక దాల్చిని యను మాట పారసీకుల దార్‌చీనీ నుండి వచ్చినది. చీనా చెక్క అని దాని అర్థము.

అంగళ్లలో కూడ రెండు చెక్కలు ఒకే పేరుతో అమ్ముడగుచున్నవి. సింహళపు చెక్క కాగితమువలె పలుచగా, అనేక పొరలు ఒకదానిలో ఒకటి చుట్టుకొని, చేతితో నలిపిన విరిగిపోవును. చీనా జాతి చెక్క మందముగా, గట్టిగా, ఒకే చుట్టుగా ఉండి ఘాటు ఎక్కువగా నుండును. మన శంషాబాదు వంటిండ్లలో బిర్యానికి వేయునది చాలమట్టుకు ఈ రెండవదే. బిర్యానిలో రెండు ముక్కలు వేసినందున భయము లేదు. అయితే దీనిలో కౌమరిన్ అను పదార్థము ఎక్కువగా నుండును. అది మితిమీరి చేరిన కాలేయమునకు హాని. మధుమేహము తగ్గునని ఎవరో చెప్పగా ప్రతి ఉదయము చెంచాల కొలది పొడి మ్రింగుచున్నవారు మన సంఘములోనే ఉన్నారు. వారు వైద్యుని అడిగి చేయుట మంచిది.

ఈ చెట్టు మన మెట్ట నేలలకు తగినది కాదు. దానికి విస్తార వర్షము, తేమగల వేడిమి కావలెను. సింహళములోను మలబారులోను బాగుగా పెరుగును. రెండు మూడేండ్ల మొక్కను నేలకు దగ్గరగా నరికివేయుదురు. మోడు నుండి అనేక కొమ్మలు తిన్నగా లేచును. వర్షములు పడి చెక్క వదులైనప్పుడు వాటిని కోసి, పై బెరడు గీకివేసి, ఇత్తడి కడ్డీతో రుద్ది, లోపలి చెక్కను నెమ్మదిగా ఒలిచెదరు. నీడలో ఆరునప్పుడు అది తనంతట తానే చుట్టుకొనును. మోడు మరల చిగిర్చును. చూచుటకు సులభమువలె నున్నను, పొర చినుగకుండ ఒలుచుటకు చిన్ననాటి నుండి నేర్చిన చేయి కావలెను.

ఆ చేయి ఎవరిదో కొనువారికి తెలియనిచ్చిన వర్తకులు తక్కువ. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దములో హెరొడోటస్, పెద్ద పక్షులు ఈ పుల్లలతో కొండ చరియలపై గూళ్లు కట్టుననియు, అరబ్బులు యుక్తితో వాటిని రాల్చి తెత్తురనియు వ్రాసెను. మొదటి శతాబ్దపు ప్లినీ అవన్నియు వెల పెంచుటకు కల్పించిన కథలని తేల్చివేసెను. తరువాత పోర్చుగీసువారు, డచ్చివారు సింహళమును పట్టుకొనినప్పుడు, చెక్క ఒలుచు సలగమ కులమువారిపై ఏటేట ఇంత చెక్క తెచ్చి యియ్యవలెనని నిర్బంధము పెట్టిరి. 1796లో ఆ తోటలు ఇంగ్లీషువారి చేతికి వచ్చినవి.

మన దేశమున జరిగినది ఇంకను దగ్గరి సంగతి. కేరళలోని కణ్ణూరు వద్ద అంజరకండి యను చోట 18వ శతాబ్దము చివర ఈస్టిండియా కంపెనీ సుగంధ ద్రవ్యముల తోట వేసినది. మర్డాక్ బ్రౌన్ అను దొర దానిని నడిపెను. ఆ తోట దాల్చినిచెక్కకు పేరొందినది. 1811–12 ప్రాంతములో బేబర్ అను న్యాయాధికారి విచారింపగా, తిరువాన్కూరు ప్రాంతము నుండి ఎత్తుకొని వచ్చిన పిల్లలు అక్కడ బానిసలుగా నుండుట బయటపడెను. ఆయన వారిని విడిపించుటకు పూనుకొనెను. తరువాత 1839లో తలశ్శేరికి వచ్చిన బాసెల్ మిషను గుండర్టు దొరగారి కాలములో, ఆ తోటలోని బానిసల మధ్య సువార్త పని జరిగినది. ఈ దేశములో బానిసత్వమునకు చట్టపు ఆధారము తీసివేయబడినది 1843లో.

ఇప్పుడు ప్రకటన 18వ అధ్యాయము తెరచి చూడుడి. బబులోను సరుకుల పట్టిక బంగారముతో మొదలగును. నడుమ దాల్చినిచెక్క ఉన్నది. తుదకు దాసులు, మనుష్యుల ప్రాణములు. యోహాను వీటికి వేరే పట్టిక వ్రాయలేదు. ఓడలో ఎక్కించిన సరుకులతోనే వ్రాసెను. ఈ వచనమును నేను ఎన్నో మారులు చదివితిని గాని, అంజరకండి సంగతి తెలియువరకు దానిని కేవలము రోమా పట్టణపు మాటగానే ఎంచితిని.

2008 మార్చిలో మన యెదుట విమానాశ్రయము తెరచినప్పటినుండి సరుకులను గూర్చి మన ఊళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. ప్రసంగము నడుమ విమానము పోవునప్పుడు నేను ఆగుట మీకు అలవాటే. పిల్లలకైతే అది సంతోషము. సరుకు ఎత్తి దించు పనిలో మన సంఘపు యౌవనస్థులు కొందరున్నారు. వారిలో ఒకనికి గుత్తేదారు రెండు నెలల కూలి ఆపివేసెను. యాకోబు 5:4 చదివి ప్రార్థించి ఊరకుందుమని నేననుకొంటిని. ఈ పెద్దమ్మయే పెద్దలను వెంటబెట్టుకొని ఆ గుత్తేదారు ఇంటికి పోయెను. ఒక నెల కూలి వచ్చినది. రెండవది ఇంకను రావలసియున్నది. ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మరల వెళ్లుచున్నాము. రాగలవారు వాకిట నిలిచియుండవలెను.

వచ్చే నెల గోపరసమును గూర్చి చూతము. యోహాను 19:39 చదివి రండి.